సముద్రమునకు చెవియొగ్గుట



సముద్రము లోపల నిశ్శబ్దముగా నుండునని మనలో అనేకులు తలంచుచున్నారు. ఒడ్డున అలల హోరు వినబడును గాని, ఆ అలల క్రిందికి దిగినయెడల అంతయు మౌనమేయని మన ఊహ. ఇది నిజము కాదు. గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోవు శబ్దము సముద్రపు నీటిలో సుమారు 1,500 మీటర్లు పోవును. వెలుగు సంగతి దీనికి తలక్రిందులు. ఎంత తేటనీరైనను 200 మీటర్ల లోతునకు దిగునప్పటికి మిట్టమధ్యాహ్నము కూడ మసకచీకటియే. కనుక నీళ్లలో బ్రదుకు ప్రాణులలో అనేకము కంటిని నమ్ముకొని గాక చెవిని నమ్ముకొని జీవించుచున్నవి.

నేను ఆ చెవులను గూర్చి పాఠము చెప్పు ఉపాధ్యాయుడను. నా పుట్టిన ఊరు నరసాపురమునకు దిగువన, సముద్రపు గాలి తగులు చోటనున్నది. ఇప్పుడు అమెరికా దేశపు పడమటి తీరమున, వాషింగ్టన్ రాష్ట్రములోని ఒక కళాశాలలో సముద్రపు క్షీరదములను గూర్చియు, నీటిలోని శబ్దములను గూర్చియు బోధించుచున్నాను. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మా మేనమామ నన్ను చూచి, "ఒరే, ఇంత చదువు చదివి చేపల కబుర్లు వింటున్నావటగా!" అని నవ్వెను. "అవి చేపలు కావు మామయ్యా, పిల్లలకు పాలిచ్చేవి" అంటిని. "అయితే గేదెలేగదరా!" అనెను.

మా మామయ్య వేళాకోళమునకు అన్న మాటలో ఆయనకు తెలియని సత్యమొకటి ఉన్నది. తిమింగలములును డాల్ఫినులును వెచ్చని రక్తము గలవి. పైకి వచ్చి గాలి పీల్చునవి. బిడ్డను కని పాలిచ్చి పెంచునవి. నేలమీది జంతువులలో వాటికి మిక్కిలి దగ్గరి చుట్టము నీటిగుఱ్ఱము. ఆ వెనుక వరుసలో చీలిన గిట్టలుగల పశువులన్నియు, అనగా మన ఆవులు, గేదెలు, మేకలు వచ్చును. కాబట్టి తిమింగలమును గేదెకు దూరపు బంధువు అనుట తప్పు కాదు.

మా కళాశాలకు చేరువలో సాన్ వాన్ అను ద్వీపమొకటి కలదు. దాని పడమటి ఒడ్డున లైమ్ కిల్న్ అను చోట పాత దీపస్తంభము ఉన్నది. దాని యెదుటనున్న హారో జలసంధి అమెరికాకును కెనడాకును సరిహద్దు. వాంకూవరు ఓడరేవునకు పోవు పెద్ద ఓడలలో అనేకము ఈ దారినే పోవును. ఓర్కాలనబడు నలుపు తెలుపు రంగుల తిమింగలములు కూడ ఈ దారినే సంచరించును. ఒడ్డున రాతిమీద కూర్చున్నవానికి అవి కొన్నిసార్లు రాయి విసరినంత దూరములోనే కనబడును. నా విద్యార్థులను నేను అచ్చటికి తీసికొనిపోవుదును.

అయితే దానికి ముందు, తరగతి మొదటి దినమున, నేను వారికి ఏ బొమ్మయు చూపను. గదిలో దీపములార్పి, హైడ్రోఫోను పట్టిన శబ్దములను పది నిమిషములు వినిపింతును. హైడ్రోఫోను అనగా నీళ్లలో వ్రేలాడదీయు మైకు. మొదట విద్యార్థులకు ఏమియు బోధపడదు. బుడబుడమను నీటి చప్పుడు, ఎచ్చటనో గొలుసు రాచుకొనినట్లు ఒక శబ్దము. కొందరు కదలుదురు, కొందరు దగ్గుదురు, కొందరి చేయి జేబులోని ఫోనువైపు పోవును. నాలుగైదు నిమిషములు గడచిన పిమ్మట గది సద్దుమణుగును. అప్పుడు, తలుపు కీలు కిఱ్ఱుమనినట్లు, పిల్లనగ్రోవి విఱిగి పలికినట్లు, ఒక పిలుపు వినబడును. దూరమునుండి మరియొకటి దానికి ప్రత్యుత్తరమిచ్చును. ఆ క్షణమున ఇరువది ఏండ్ల యౌవనస్థులు ఊపిరి బిగబట్టుట చీకటిలో సయితము నాకు తెలియును. వినుట అనునది నేర్చుకొనవలసిన పనియని వారికి ఆ దినమే అర్థమగును.

ఆ పిలుపులు వట్టి కూతలు కావు. ఆ జలములలో ఏండ్ల తరబడి కనబడుచున్న ఓర్కాలు మూడు కుటుంబములుగా నున్నవి. శాస్త్రజ్ఞులు వాటికి జె, కె, ఎల్ అని పేర్లు పెట్టిరి. ఒక్కొక్క కుటుంబమునకు తనదగు యాస కలదని కెనడా దేశస్థుడగు జాన్ ఫోర్డ్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. జె కుటుంబము ఎస్-1 అను పిలుపును, కె కుటుంబము ఎస్-16ను, ఎల్ కుటుంబము ఎస్-19ను మిక్కిలిగా పలుకును. గోదావరి వాని మాటయు, రాయలసీమ వాని మాటయు నాలుగు పలుకులలోనే మనము పోల్చుకొందుము గదా. అట్లే నా విద్యార్థులు కూడ ఒక మాసము అభ్యాసము చేసినయెడల, కన్నులు మూసికొని, వచ్చుచున్నది ఏ కుటుంబమో చెప్పగలుగుదురు. ఈ యాస రక్తముతో వచ్చునది కాదు. పిల్ల తల్లి ప్రక్కన ఈదుచు విని నేర్చుకొనునది.

తల్లి యన్నంతనే చెప్పవలసినది చాల ఉన్నది. ఈ ఓర్కాలలో కుమారుడుగాని కుమార్తెగాని జీవితాంతము తల్లిని విడువరు. ఆడుది నలువది ఏండ్లు దాటిన తరువాత పిల్లలను కనుట మానును గాని, ఆ పిమ్మట మరి కొన్ని దశాబ్దములు బ్రదుకును. అట్టి ముసలి తల్లులు గుంపునకు ముందు నడచుదురనియు, చేపలు కరవైన సంవత్సరములలో వారు ముందు నడచుట మరింత హెచ్చుననియు 2015లో పరిశోధకులు వెల్లడించిరి. అవ్వ చనిపోయిన వెనుక ఆమె మనుమలకు మరణాపాయము హెచ్చునని 2019లో మరియొక పరిశోధన తెలిపెను. ఎక్కడ వెదకిన ఆహారము దొరకునో ఆమెకు తెలియును. మన ఇండ్లలో మూలన కూర్చున్న ముసలివారిని ఇక పనికిరారని తలంచువారు ఈ సంగతి ఒకసారి ఆలోచింపవలెను.

వీటి ఆహారము ముఖ్యముగా చినూక్ అను పెద్ద సాల్మన్ చేప. ఆ నీళ్లలో పచ్చని మడ్డి యుండుటచేత కంటితో దూరము కనబడదు. కాబట్టి ఓర్కా తన ముక్కు లోపలినుండి టక్కు టక్కుమని గడియారపు చప్పుడువంటి శబ్దములను పుట్టించి, నుదుటిలోని కొవ్వు గడ్డద్వారా టార్చి వెలుగువలె ముందుకు పంపును. ఆ శబ్దము చేపకు తగిలి తిరిగివచ్చును. తిరిగివచ్చిన ప్రతిధ్వనిని అది క్రింది దవడ ఎముకలోని కొవ్వు ద్వారా లోచెవికి చేర్చుకొనును. చీకటిగదిలో గ్రుడ్డివాడు కఱ్ఱతో తట్టి దారి తెలిసికొనినట్లు, అది శబ్దముతో తట్టి తన భోజనమును తెలిసికొనుచున్నది. అందుచేత, చదువరీ, ఆ ప్రాణికి చెవి మూసివేయుట మనకు కన్నులు కట్టి చేలోనికి తోలుట వంటిది.

ఈ ప్రాణుల యెడల మనుష్యులు చేసినది వినుటకు కష్టముగానే ఉండును. చేపలను తినివేయునని జాలరులు వీటిని తుపాకులతో కాల్చుచుండిరి. 1961లో కెనడా చేపల శాఖవారు సీమోర్ సంధియొద్ద వీటిని కాల్చుటకై ఒక మరతుపాకిని స్థాపించిరి. అది ఎన్నడును ప్రేలలేదు. పిమ్మట వీటిని పట్టి వినోదశాలలకు అమ్మువారు వచ్చిరి. 1970 ఆగష్టు 8న పెన్ కోవ్ అను చోట గుంపును వలలతో ముట్టడించి, తల్లులనుండి పిల్లలను వేరుచేసిరి. ఆ దినమున పట్టుబడిన ఒక ఆడపిల్ల మయామీ నగరమునకు చేర్చబడి, ఒక తొట్టిలో ఏబది ఏండ్లకు పైగా బ్రదికి, 2023 ఆగష్టులో మరణించెను. సముద్రములో ఇవి వేలకొలదిగా ఉన్నవని ఆ కాలమున అందరును నమ్మిరి. మైకేల్ బిగ్ అను శాస్త్రజ్ఞుడు 1970ల ఆరంభమున ఒక్కొక్కదాని వెన్నురెక్కను, దాని వెనుకనున్న బూడిదరంగు మచ్చను ఫోటోలు తీసి, పశువుల కాపరి మందను ఎరిగినట్లు ఒక్కొక్కదానిని గుర్తుపట్టి లెక్కించెను. ఈ మూడు కుటుంబములును కలిసి సుమారు 70 మాత్రమే!

పట్టుట ఆగిపోయెను. ఇరువది ఏండ్లలో అవి మెల్లగా పెరిగి 1995లో 98 ఆయెను. ఆ తరువాత మరల తగ్గనారంభించెను. 2005లో అమెరికా ప్రభుత్వము వీటిని అంతరించు ప్రమాదముననున్న ప్రాణులని ప్రకటించెను. 2024 జూలై లెక్కకు 73 ఉండెను.

కారణములు మూడు. మొదటిది ఆకలి: ఆనకట్టలచేతను, ఏరులు చెడిపోవుటచేతను చినూక్ చేప కరవగుచున్నది. రెండవది విషము: పి.సి.బి. అను రసాయనములు చేపల ద్వారా వాటి కొవ్వులో చేరి, తల్లిపాలతో బిడ్డకు దిగుచున్నవి. వీటి తయారీని అమెరికాలో 1979లోనే నిషేధించినను అవి ఇప్పటికిని ఆ పాలలో ఉన్నవి. మూడవది మన చప్పుడు: ఓడ ప్రొపెల్లరు తిరుగునప్పుడు నీటిలో లెక్కలేని బుడగలు పుట్టి పగులును. ఆ పగులు శబ్దము, ఇంజను మ్రోత కలిసి పెద్ద రొదయగును. రొద హెచ్చినప్పుడు ఓర్కాలు ఎక్కువ వెదకి తక్కువ పట్టుకొనుచున్నవనియు, పడవలు దగ్గరకు వచ్చినప్పుడు తల్లులు వేట మానుచున్నవనియు వాటి వీపున చిన్న యంత్రములు అంటించి పరిశోధకులు తెలిసికొనిరి. అసలే చేప కరవు. ఉన్న చేపయు వినబడదు.

ఒక సంవత్సరము నా తరగతిలో ఒక అమ్మాయి ఉండెను. మేము ఆ దీపస్తంభము చెంత హెడ్‌ఫోన్లు పెట్టుకొని వినుచుండగా, జె కుటుంబము దక్షిణమునుండి వచ్చెను. పిలుపులు స్పష్టముగా వినబడుచుండెను. ఇంతలో సరుకుల ఓడ యొకటి మలుపు తిరిగెను. మొదట దూరపు రైసుమిల్లువలె వినబడి, క్రమముగా హెచ్చి, పిలుపులన్నిటిని మ్రింగివేసెను. దాదాపు అరగంటసేపు మరేమియు వినబడలేదు. ఒక విద్యార్థి కోపముతో, "ఈ ఓడలవాళ్లకు మనసే లేదు" అనెను. ఆ అమ్మాయి హెడ్‌ఫోన్లు తీసి, "మా నాన్న ఈ రేవుల్లోనే టగ్గు పడవ మీద పని చేస్తారు. నా ఫీజు కట్టేది ఆ ఓడలే" అనెను. ఎవరును మాటాడలేదు.

నేను వారితో ఇట్లంటిని: "మన ఒంటిమీది బట్ట, మన చేతిలోని ఫోను, మనము త్రాగిన కాఫీ, ఇవన్నియు ఓడమీద వచ్చినవే. ఓడలో ఉన్నవాడు ఎవరో పరాయివాడని తీర్పు తీర్చుటకు మనకు హక్కు లేదు. ఈ రొదలో మన అందరి పాలు ఉన్నది. కనుక ఎవరి తప్పు అని అడుగుటకంటె, ఏమి తగ్గింపవచ్చును అని అడుగుదము."

ఆ అమ్మాయి ఆ మాటను విడువలేదు. మెల్లగా పోయిన ఓడల శబ్దమును, వేగముగా పోయిన ఓడల శబ్దమును పోల్చి చూచుటనే తన పరీక్షావ్యాసముగా తీసికొనెను. 2017లో వాంకూవరు రేవువారు హారో జలసంధిలో ఓడలు స్వచ్ఛందముగా సుమారు 11 నాట్ల వేగమునకు తగ్గవలెనని కోరగా, ఓడలలో అధికభాగము సమ్మతించెను. నీటిలోని రొద కొలతకు అందునట్లుగా తగ్గెను. తరువాతి సంవత్సరములలో కూడ దానిని కొనసాగించిరి. ఆ అమ్మాయి ఈ రెండు విధముల శబ్దములను ఇంటికి తీసికొనిపోయి తండ్రికి వినిపించెనట. ఆయన చాలసేపు విని, "ముప్పై ఏళ్లుగా ఈ నీళ్లమీదే ఉన్నాను. క్రింద ఏమి వినబడుతుందో నాకెవరూ చెప్పలేదే!" అనెనట. ప్రియులారా, లోకములో జరుగు హానిలో ఎంతో భాగము దుర్మార్గముచేత గాక, క్రింద ఏమి వినబడుచున్నదో ఎవరును చెప్పకపోవుటచేత జరుగుచున్నది.

మరియొక ప్రశ్న దీనికంటె కఠినమైనది. 2018 జూలైలో జె-35 అను తల్లికి పుట్టిన బిడ్డ అరగంటలోనే చనిపోయెను. ఆ తల్లి బిడ్డ కళేబరమును మునిగిపోనీయక, ముట్టెమీద ఎత్తుకొని 17 దినములు మోసెను. 2020లో ఆమెకు ఆరోగ్యముగల కుమారుడు పుట్టెను గాని, 2024 డిసెంబరులో పుట్టిన ఆడబిడ్డ కొద్ది దినములలోనే చనిపోగా, ఆమె ఆ బిడ్డను కూడ మోసెను. ఈ సంగతి చెప్పిన దినమున వెనుక బెంచీనుండి ఒక విద్యార్థి, "ప్రొఫెసర్ గారూ, చనిపోబోయేదాన్ని గురించి మాకెందుకు నేర్పుతున్నారు?" అని అడిగెను.

ఉపాధ్యాయుడు వట్టి ఓదార్పు మాట చెప్పరాదు. తనకు తెలిసిన నిజమే చెప్పవలెను. నేను రెండు నిజములు చెప్పితిని. మొదటిది: ఇవి ఒకప్పుడు 70కి దిగి, పట్టుట మానినంతనే 98కి పెరిగినవి. హాని ఆపుట ఎన్నడును వ్యర్థము కాదు. రెండవది: 2001 సెప్టెంబరులో న్యూయార్కుమీద దాడి జరిగిన పిమ్మట కొన్ని దినములు కెనడా తూర్పుతీరపు ఫండీ అఖాతములో ఓడల రాకపోకలు బాగుగా తగ్గెను. ఆ దినములలో అచ్చట నీటి క్రింది రొద 6 డెసిబెల్లు తగ్గెను. అదే సమయమున రైట్ తిమింగలముల పేడను సేకరించుచున్న పరిశోధకులు, వాటి దేహములలో ఆందోళనను సూచించు రసములు తగ్గినట్లు కనుగొనిరి. ఆ సంగతి 2012లో ప్రకటింపబడెను. రొద తగ్గిన కొన్ని దినములకే ఆ పెద్ద ప్రాణులకు నెమ్మది కలిగెను.

విద్యార్థులతో అంటిని: "విషము వేరు, చప్పుడు వేరు. విషమును 1979లో ఆపినను నేటికిని పాలలో నిలిచియున్నది. చప్పుడు అట్లు కాదు. ఇంజను ఆపిన నిమిషముననే అది పోవును. దాని మడ్డి మిగులదు. మనము చేయు చెడుగులలో ఇంత సులభముగా తిరిగి తీసికొనగలది మరియొకటి లేదు." 2025 జనవరి మొదలుకొని వాషింగ్టన్ రాష్ట్రములో ఏ పడవయు ఈ ఓర్కాలకు 1,000 గజములలోపు పోరాదని చట్టము అమలులోనికి వచ్చినది. ఇట్టి చట్టములు వచ్చుటకు ముందు, ఒడ్డున కూర్చుండి విని, విన్నదానిని వ్రాసిపెట్టినవారు ఎందరో ఉండిరి.

చదువరీ, ఇది ఎచ్చటనో దూరదేశపు కథయని తలంచవద్దు. మన గంగానదిలో బ్రదుకు డాల్ఫినును 2009లో మన ప్రభుత్వము జాతీయ జలచరముగా ఎంచుకొనెను. దానికి చూపు దాదాపు లేదు. బురదనీటిలో శబ్దమే దానికి కన్ను. 2025లో ప్రకటింపబడిన లెక్కప్రకారము మన దేశపు నదులలో ఇట్టి డాల్ఫినులు 6,327. వేసవిలో నీరు తగ్గినప్పుడు యంత్రపు పడవల మ్రోత వాటిని ఎంతయో అలయజేయుచున్నది.

ఇంకను దగ్గరకు వత్తము. మన పల్లెలలో మైకు కొనలేని పండుగ లేదు, పెండ్లి లేదు, కూడిక లేదు. గుడి చెట్టున, మసీదు గోపురమున, మన చర్చి కప్పున లౌడుస్పీకరు ఉన్నది. మన సంతోషము ఊరంతటికి వినిపింపవలెనని మన ఆశ. ఆ గోడ అవతల జ్వరముతో మూలుగువాడు ఉండవచ్చును. పదవ తరగతి పరీక్షకు చదువుకొను పిల్ల ఉండవచ్చును. రాత్రియంతయు ఇటుకబట్టీలో పనిచేసి పగలు కన్ను మూసిన కూలివాడు ఉండవచ్చును. వారు మనతో ఏమియు అనరు. ఓర్కా కూడ ఓడతో ఏమియు అనలేదు. కొద్ది పండుగదినములు తప్ప, రాత్రి పది గంటలు మొదలు ఉదయము ఆరు గంటలవరకు బహిరంగముగా లౌడుస్పీకరు మ్రోగింపరాదని 2000వ సంవత్సరపు నియమములు చెప్పుచున్నవి. అయితే పొరుగువాని నిద్రను కాపాడుటకు పోలీసువాడు రావలెనా? ఒక మీట త్రిప్పిన చాలును.

మీ ఊరిలో సముద్రము లేకపోవచ్చును. అయినను ఈ వారములో ఒక సాయంకాలము రేడియో, టీవీ, ఫోను ఆపి, అరుగుమీద పది నిమిషములు ఊరక కూర్చుండుడి. మొదట ఏమియు వినబడదు. నా విద్యార్థులవలెనే మీరును కదలుదురు. పిమ్మట ఒక్కొక్కటి వినబడును: గూటికి చేరు పిట్టలు, దూడను పిలుచు ఆవు, ప్రక్కయింటిలోని ముసలమ్మ దగ్గు. ఆ దగ్గు ఎన్నాళ్లనుండి ఉన్నదో మీరెరుగుదురా? లేచి పోయి అడుగుడి.